క్లారినెట్ కోసం వెతకొద్దు

ఒరేయ్ తమ్ముడూ,

కూర మెత్తగా ఉడికించి పొయ్యి మీద పెట్టాను, వేడి చేసుకుని తిను. బ్యాండు మాస్టర్ కబురు పంపితే సాయంత్రం వస్తానని చెప్పు. క్లారినెట్ కోసం ఇల్లంతా తిరగెయ్యకు, పెట్టెతో సహా నేనే తీసుకెళ్తున్నాను.

పన్ను కట్టించుకోడానికి నువ్వు పెట్టిన అర్జీ తిరిగొచ్చింది. దవడ పన్ను పెట్టించుకుంటే సర్కారు సగం ఖర్చు ఇస్తుందట, ముందు పన్నయితే సోకు కిందకి వస్తుందట. సోకట, సోకు! ముందు పై పన్ను ఆనించందే క్లారినెట్ పలకదని అర్జీ తిప్పి పంపిన ఆ గుమాస్తాకి ఎవరు చెప్పాలి? నువ్వు చెప్పాలి. చెప్పావా? "ఎందుకు కావాలి" అన్నచోట "నవ్వితే బాగుండదు" అని రాసిచ్చి, తలూపి వచ్చేశావు. ఊడింది పన్నే కదరా, నాలుక కాదు కదా!

ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఊరేగింపులన్నీ నీ ఊపిరితోనే నడిచాయి. ఆ గుమాస్తా పెళ్లికి వాయించిందీ నువ్వే, మర్చిపోయాడు కాబోలు. ఇవాళ ఆయన బల్ల మీద ఈ పెట్టె తెరుస్తాను. పై పన్ను ఆనించకుండా ఒక్క స్వరం పలికించమంటాను. పలికించాడా, సోకేనని నేనే సంతకం పెట్టి వస్తాను.

అక్క

చోటు లేక అంచున రాస్తున్నాను. నవ్వితే బాగుండదని నీతో ఎవరన్నార్రా? నెల రోజులుగా ఇంట్లో కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతున్నావు. నా ముందైనా ఆ చెయ్యి తీసెయ్.