దవాఖానలో చదివిన నార్వే నాటకం

సుజాతా,

నీ చివరి రోజున దవాఖానలో నీకు పాతకాలపు నార్వే నాటకం ఒకటి చదివి వినిపించాను. అందులో కూతురు ప్రేమించినవాణ్ని కాదని తండ్రి వేరే సంబంధం ఖాయం చేస్తాడు.

"గా తండ్రి ఒప్పుకుంటడంటరా?" అని అడిగావు.

"కథనే గదా, ఫికరెందుకు?" అన్నాను. సాయంత్రానికి నువ్వు లేవు.

నీ ఏడాది కార్యం అయ్యాక, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మోర్తాడ్ ఊరి అబ్బాయితో మన బిడ్డ శిరీష పెళ్లి కుదిర్చాను. ఇవాళ అది ఏడ్చింది.

"బాపూ, నాతోని కాలేజీల చదివిన సలీం అంటే నాకిష్టం."

"మీ అమ్మ ఉంటే ఏమనేది?"

"అమ్మకు దవాఖానలనే చెప్పిన. నిన్ను అడిగి చూస్తనన్నది."

నువ్వు అడిగావు. నాకే అర్థం కాలేదు. పెద్దల ముందు సంబంధం ఖాయమని పూలు పండ్లు అందుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే ధైర్యం నాకు లేదు.

రేపు పొద్దున పసుపు దంచడానికి ముత్తయిదువలు వస్తారు. మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన పసుపు కొమ్ములు చాటలో పోసి, రోలు కడిగి పెడతాను.