పూలకు ఒకటే కుర్చీ

ఫిబ్రవరి 3

పెళ్ళి వ్యాపారుల బ్రేక్‌ఫాస్ట్ మీటింగుకి గెస్టుగా వెళ్ళాను. హోటల్ పై అంతస్తు, కార్పెట్ మీద కాఫీ మరకలు. అక్కడ మనుషులకు పేర్లుండవు. బ్యాడ్జి మీద ఏ పని రాసి ఉంటే అదే పేరు. హాలుగారు, ఫొటోలుగారు, కేకులుగారు. ఒక్కొక్కరూ లేచి ఒక్క నిమిషం తమ వ్యాపారం గురించి చెప్పాలి. గంట కొట్టగానే కూర్చోవాలి. అందరూ అందలం ఎక్కేవాళ్ళే, మోసేదెవరు అని నవ్వుకున్నాను. కాసేపటికి అర్థమైంది, ఇక్కడ ఒకరినొకరు మోస్తారు. హాలు బుక్ కాగానే మిగతావాళ్ళందరికీ కబురు వెళ్తుంది.

ఒక్కో పనికి ఒకటే కుర్చీ. పూల కుర్చీ మా వదినది. ఇవాళ ఖాళీగా ఉంది.

ఫిబ్రవరి 4

మీటింగు నెలకోసారి. వరసగా మూడు మానేస్తే కుర్చీ పోతుందట. వదిన రెండు మానేసిందట. అప్లికేషన్ ఇచ్చి ఉంచమని హాలుగారు అన్నాడు. ఇచ్చేశాను.

నేను పూల పని నేర్చుకున్నది వదిన షాపులోనే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని బయటికొచ్చాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు, అన్నయ్యే రాయబారి. నేను చేసిన స్టేజి చూసినవాళ్ళు ఇంకో చోటికి వెళ్ళరు. నాకు తక్కువైంది పనితనం కాదు, పిలుపు. ఆ కుర్చీ ఉంటే సీజనంతా పిలుపులే. లేకపోతే షాపు ఖాళీ చేసి మళ్ళీ ఎవరి కిందో కత్తెర పట్టాలి.

ఫిబ్రవరి 11

బ్యాడ్జి మీద అక్షరాలు ఏ రంగులో ఉంటే నాకు బాగుంటుందో ఆలోచించాను.

ఫిబ్రవరి 26

అన్నయ్య ఫోన్ చేశాడు. వదిన నిచ్చెన మీంచి పడి కుడిచెయ్యి విరిగిందట. రెండు నెలలు కావస్తోందట. నాకు చెప్పొద్దని ఆవిడే అందట. అంతలో ఫోన్ ఆవిడే లాక్కుంది. బాగున్నావా లేదు, ఏం లేదు. వచ్చే మీటింగుకి నా బదులు నువ్వెళ్ళి కూర్చో అమ్మాయ్, బదులు మనిషి ఉన్నా కుర్చీ నిలుస్తుంది అంది. బదులు వెళ్ళినవాళ్ళు సొంత వ్యాపారం మాటెత్తకూడదని కూడా గుర్తు చేసింది.

సరే అన్నాను. ఆ సరే ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. వెళ్ళకపోతే కుర్చీ నాది. కొరివితో తల గోక్కున్నట్టయింది.

మార్చి 2

జ్వరం వస్తుందేమోనని చూశాను. రాలేదు. నా ఒళ్ళు నాకెప్పుడూ అక్కరకి రాదు.

మార్చి 3, ఉదయం 7

హోటల్ బయట కార్లో ఉన్నాను. వదిన బ్యాడ్జి మెడలో వేసుకున్నాను. ముక్తసరిగా రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను.

మార్చి 3, మధ్యాహ్నం

రెండు ముక్కలే చెప్పేదాన్ని. ఫొటోలుగారు ఊరుకోలేదు. ఆవిడవి పాతకాలం పూలు, ఫొటో తీసేలోపే వాడిపోతాయి అన్నాడు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది. మా వదిన్ని అంటే నేననాలి, వీడెవడు?

చెప్పాను. ప్రతి కాడా నీళ్ళలో ముంచే కోస్తుందని. కడుపునిండా నీళ్ళు తాగని పువ్వుని గడప దాటనివ్వదని. ఆవిడ చేతిలో తిట్లు తినని పనివాళ్ళు లేరు, ఆవిడ చేతిలో వాడిన పువ్వూ లేదని. లైట్ల వేడికి వాడిపోతే లైట్లవాళ్ళని అడగమని. గంట కొట్టారు. కూర్చోలేదు.

హాలుగారు నాలుగు పెళ్ళిళ్ళ ఆర్డరు చీటీలు ఇచ్చాడు, కేకులుగారు ఒకటి. అన్నీ వదిన పేరు మీదే. నా గొయ్యి నేనే తవ్వుకుని దానికి పూల డెకరేషన్ కూడా చేశాను.

అయినా బాగా మాట్లాడాను. అది మాత్రం నిజం.

మార్చి 3, సాయంత్రం

చీటీలు ఇద్దామని వదిన షాపుకి వెళ్ళాను. ఎడమచేత్తో బకెట్లు జరుపుతోంది. చీటీలు చూసి, కుర్చీ కావాలన్నావటగా, కూర్చోబెడితే ఎలా ఉంటావో చూద్దామనుకున్నా అంది. నేను అప్లికేషన్ ఇచ్చిన రోజే హాలుగారు చెప్పేశాడట. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత చీటీలు నా చేతిలోనే పెట్టింది. ఈ సీజన్ ఈ చెయ్యి కత్తెర పట్టదు, మాట్లాడింది నువ్వు, చెయ్యాల్సిందీ నువ్వే, నీ షాపు బోర్డు మీదే చేసుకో అంది. కాడలు మాత్రం తను చూస్తుందట.

ఏడుపొచ్చింది. పుప్పొడి కళ్ళలో పడిందన్నాను. బకెట్లలో ఉన్నవి ఉత్త ఆకులు.

ఏప్రిల్ 7

ఇద్దరం వెళ్ళాం. పూలకు ఇంకా ఒకటే కుర్చీ. వదిన కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను. మా వంతు వచ్చింది. వదిన లేవలేదు, కాస్త పక్కకి జరిగింది.

కుర్చీ సగం. నిమిషం మొత్తం నాదే.