తమ్ముడికి కుదిరిన కుదురు

బెజవాడ, 1976 జూలై, శనివారం

తమ్ముణ్ణి ఇవాళ మెంటల్ డాక్టరు గారికి చూపించాం. స్కిజోఫ్రీనియా అన్నారు. "చిన్నప్పుడెలా ఉండేవాడమ్మా?" అని అడిగారు. మగ్గం ముందు నిమిషం కూర్చునేవాడు కాదని, పోగు తెగినా చూసుకోక నాన్న చేత రోజూ తన్నులు తినేవాడని చెప్పాను.

"దానికీ దీనికీ సంబంధముందాండీ?"

"కొందరిలో ఉండొచ్చమ్మా. కచ్చితంగా చెప్పలేం."

ఎవరి మాటా వినని వాడు ఇప్పుడు గంటల తరబడి కదలకుండా, ఖాళీ మూలవైపు చెవి పెట్టి ఎంత శ్రద్ధగా వింటున్నాడో!

మా పాపకీ క్షణం నిలకడ లేదు. సాయంత్రం ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే అనుమానమొచ్చి వెళ్లి చూశాను. వాళ్ల మావయ్య పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పిలిచాను. మూలవైపే చూస్తూ అంది:

"మాట్లాడకమ్మా, వినపడట్లేదు."