ఫిర్మిన్ మీద నేను వేసిన నింద

పారిస్,
1971 అక్టోబరు 19

లియోంటీన్ అక్కకు,

నీ తమ్ముడు ఆన్సెల్మ్ ప్రేమతో రాస్తున్నాను. నేనూ, నీ మరదలు జినెట్టూ ఆరోగ్యంగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివి జినెట్ కుదుటపడింది. నువ్వు పంపిన చెస్ట్‌నట్ జామ్ సీసా రెండు రోజుల్లో ఖాళీ చేసింది. నాకు మిగిలింది చెంచా.

జవాబు మూడు వారాలు ఆలస్యమైంది. పని ఒత్తిడని రాద్దామనుకున్నాను. అది నిజం కాదు.

ముందు నువ్వు అడిగినవి. లిమోజ్ పత్రికాయన నా గురించి రాస్తానన్నాడు కదా, ఆయనకు ఈ వివరాలు ఇవ్వు. పుట్టింది 1926లో. ఏడో ఏట చర్చిలో ఫాదర్ ఒబాన్ దగ్గర ఆర్గన్ నేర్చుకున్నాను. నువ్వు వెనక నిలబడి ఆర్గన్‌కి గాలి ఊదే తిత్తులు తొక్కేదానివి, అది కూడా రాయమను. యుద్ధం అయిపోయాక అమెరికన్ సైనికులు వదిలేసిన రికార్డుల్లో జాజ్ విన్నాను. ఆ వారం నుంచి ప్రార్థన గీతాల్లో నా ఎడమ చెయ్యి ఊరుకోలేదు. "దేవుడి ఇంట్లో డాన్సు పాటలేమిట్రా?" అని నాన్న అందరి ముందూ చెంప పగలగొట్టారు. "దేవుడేమీ అనలేదు నాన్నా, మీరే అంటున్నారు" అన్నాను. అప్పటి నుంచి ఆయన పోయేదాకా మా మధ్య మాటల్లేవు. ఇరవై నాలుగో ఏట పారిస్ వచ్చాను. ఆరేళ్ళు బార్లలో పియానో, తర్వాత విద్యుత్ ఆర్గన్. కాళ్ళతో కింది స్వరాలు, ఎడమ చేత్తో తోడు, కుడి చేత్తో పాట. నాలుగు రికార్డులు. నాలుగింటిలోనూ డ్రమ్స్ ఫిర్మిన్‌వే.

"ఫిర్మిన్ ఎలా ఉన్నాడు? మా ఆయన టోపీ పెట్టుకుని వంటింట్లో ఎగిరిన ఆ గ్వాడెలూప్ దీవి మనిషి" అని అడిగావు. నా కలం ఆగిపోయింది అక్కడే అక్కా.

పోయిన ఏడాది వేసవి నుంచి నా కుడి చేతి చివరి రెండు వేళ్ళు, ఆర్గన్ మెట్ల మీద పెట్టగానే అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. కప్పు పట్టుకుంటే, బొత్తాం పెట్టుకుంటే ఏమీ ఉండదు. వాయించేటప్పుడే. నరాలకు సంబంధించింది, తనకు తెలిసిన మందు లేదన్నాడు డాక్టరు. జినెట్‌కి కూడా చెప్పలేదు.

జూన్‌లో లియోన్ కచేరీ. వేగమైన పాట మధ్యలో ఆ రెండు వేళ్ళూ పూర్తిగా మూసుకుపోయి, పాట కుప్పకూలింది. జనం ఈలలు వేశారు, మెచ్చుకుని కాదు. తెర వెనక మా క్లబ్బు యజమానురాలు మదాం వాసర్, మిగతా వాయిద్యగాళ్ళు నా చుట్టూ చేరారు. "ఏమైంది ఆన్సెల్మ్?" అంది ఆవిడ. నేను ఫిర్మిన్‌ని చూపించాను. "అతణ్ణి అడగండి. ఏడాదిగా లయ వెనక్కి లాగుతున్నాడు."

ఫిర్మిన్ డ్రమ్స్ మీది ఇత్తడి తాళాలు విప్పుతున్నవాడల్లా తలెత్తి చూశాడు.

"అంతేనా ఆన్సెల్మ్?"

"అంతే" అన్నాను.

అతను మళ్ళీ వంగి తాళాలు విప్పుకున్నాడు. వారంలో ఆవిడ అతణ్ణి తీసేసింది. ఫిర్మిన్ లయ పోయిందని ఊరంతా పాకింది. ఏ బృందమూ పిలవలేదు. పద్నాలుగేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషి, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, రంజిస్ మార్కెట్లో కూరగాయల పెట్టెలు దింపే పనిలో చేరాడు.

కొత్త డ్రమ్మర్ గడియారంలా వాయించేవాడు. నేను ప్రతి పాటలోనూ వెనకబడేవాణ్ణి. మూడు నెలలు అలా ఈడ్చి, చివరికి ఫిర్మిన్ ఇంటికి వెళ్ళాను.

"దయచేయండి దొరగారూ" అన్నాడు.

నిలబడే అంతా చెప్పాను.

"నీ వేళ్ళ సంగతి నాకు తెలీదనుకున్నావా? అవి ముడుచుకున్నప్పుడల్లా, మళ్ళీ తెరుచుకునేదాకా లయ పట్టి ఆపిందెవడు? వెనక్కి లాగానన్నావు చూడు, నిజమేరా. నీకోసమే లాగాను."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను."

"నన్ను క్షమించు ఫిర్మిన్."

"నాకు చెప్పి ఏం లాభం? ఆ రోజు ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు చెప్పు."

ఆ గురువారం, కచేరీ మొదలవకముందే, క్లబ్బులో మైకు తీసుకుని చెప్పాను. నమ్మనివాళ్ళు ఉంటారేమోనని చెయ్యి మెట్ల మీద పెట్టి చూపించాను. ముందు వరుసలో ఒకావిడ మొహం తిప్పుకుంది. "రేపటి నుంచి రావద్దు" అంది మదాం వాసర్. మర్నాడే ఫిర్మిన్‌కి కబురు పంపింది.

జినెట్‌కీ అప్పుడే చెప్పాను. నా వేళ్ళు ఒక్కొక్కటే సాపు చేస్తూ చాలాసేపు ఏడ్చింది. "వేళ్ళు పోతే పోయాయి. ఆ మనిషినెందుకు పోగొట్టుకున్నావు?" అంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం టిక్కెట్టు కొనుక్కుని క్లబ్బు వెనక వరుసలో కూర్చున్నాను. ఆర్గన్ దగ్గర నాకు తెలియనివాడెవడో. ఫిర్మిన్ నన్ను చూశాడు, నవ్వలేదు. మొదటి పాటే లియోన్‌లో కూలిపోయినది. అది వెళ్ళవలసిన వేగంతో, ఎవరికోసమూ ఆగకుండా వాయించాడు అక్కా. అతని చేతులు ఎంత వడిగా నడుస్తాయో నేను మరిచేపోయాను.

ఇట్లు,
నీ తమ్ముడు
ఆన్సెల్మ్