తెల్లదారం సీసా

ఎర్రగుంట్ల, 6-6-1955

చిరంజీవి నరసింహకు అవ్వ దీవెనలు.

ఇక్కడ అందరం బతికే ఉన్నాము. మీ తాత పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉంటుంది. ఏమని అడిగితే, "ఈ వయసులో కాళ్లు వాయక కొమ్ములు మొలుస్తాయా?" అంటాడు. ఆసుపత్రిలో పరీక్షలు చేసేవాడివి, నువ్వు రాసినట్టే మూత్రం సీసాలో పోసి పంపుతున్నాను. నాదీ ఒక సీసా పంపుతున్నాను. మంచిది పక్కన ఉంటేనే కదా చెడ్డది తెలిసేది. నాపరాళ్ల లారీ తోలే మన వీధి మహానంది తెచ్చిస్తాడు. లారీ దాకా మీ తాతే తీసుకుపోతాడు.

సీసాల మీద పేర్లు రాయలేదు. పెళ్లయినప్పటినుంచీ మీ తాత పేరు నోట పలకలేదు, చేత్తో రాయలేదు. ఇప్పుడు మూత్రం సీసా మీద రాస్తానా? తెల్లదారం ఆయనది, ఎర్రదారం నాది.

ఇట్లు, లక్ష్మీదేవమ్మ

మరిచాను: సీసాలు కడిగి పంపు. గట్టి సీసాలు.

కర్నూలు, 14-6-1955

అవ్వ పాదాలకు నరసింహ నమస్కారాలు.

ఎర్రదారం సీసాలో ఏ దోషమూ లేదు. తెల్లదారం సీసాలోది కాచితే పాలు విరిగినట్టు తెల్లగా తేలింది. తాత మూత్రపిండాలు మెల్లగా చెడుతున్నాయి. వయసు మీరినవాళ్లలో ఇది చాలామందికి ఉంటుందనీ, నొప్పి ఉండదు కాబట్టి చాలాకాలం బయటపడదనీ మా డాక్టరు చెప్పాడు. చెడింది బాగుపడదు, మిగిలింది కాపాడుకోవాలి. ఉప్పు, ఊరగాయ మాన్పించు.

నీ మనవడు నరసింహ

మరొకటి: కాళ్లు వాయనివాళ్లకు కూడా ఈ రోగం ఉండవచ్చు.

ఎర్రగుంట్ల, 2-8-1955

చిరంజీవి నరసింహకు,

చాలామందికి ఉంటుందని రాశావు. చాలామందికి ఉండేదాన్ని రోగమంటారా? ముసలితనమంటారు. మన వీధిలో అరవై దాటినవాళ్ల పాదాలన్నీ నొక్కి చూశాను. సిద్దమ్మకు గుంట పడింది. ఉరుకుందప్ప కాళ్లు ముడుచుకుని, "లక్ష్మక్కా, నువ్వెప్పుడు డాక్టరమ్మవైతివి?" అన్నాడు. నొక్కనిచ్చేదాకా వదల్లేదు. ఆయనకూ పడింది. నాకు పడలేదు.

అయినా నీ మాట తీసేయలేదు. మీ తాతకు చప్పిడి కూడు పెడుతున్నాను, వాపు మాత్రం తగ్గలేదు. మొదటిరోజు కంచం చూసి, "ఏమే, నేనింకా బతికే ఉండా గదా?" అన్నాడు. "నాకేం కాలేదు, రవ్వంత ఉప్పెయ్" అని రోజూ అంటాడు. రోగమున్న వాళ్లందరూ అనేది అదే అన్నాను. ఏదో చెప్పబోయి నీళ్లు తాగుతాడు.

ఇట్లు, మీ అవ్వ

మరిచాను: ఈ ఏటి మామిడికాయ ఊరగాయ జాడీ నిండా ఉంది. వస్తువు పాడు చేయడం నాకు చేతకాదు. మీ తాత వంతు కూడా నేనే తింటున్నాను.

కర్నూలు, 20-8-1955

అవ్వకు నమస్కారాలు.

వీధిలో అందరి కప్పులూ కారుతుంటే మన ఇంట్లో వాన పడనట్టేనా? చాలామందికి ఉందంటే రోగం కాదని అర్థం కాదు. ఉప్పు మానినా తాత వాపు తగ్గలేదంటే నాకు అనుమానంగా ఉంది. అది అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న వాపు కావచ్చు. మళ్లీ సీసాలు పంపు. పొద్దున్నే నీ ముఖం ఉబ్బి ఉంటోందని మహానంది చెప్పాడు. ఊరగాయ ముట్టవద్దు.

నరసింహ

ఎర్రగుంట్ల, 9-9-1955

చిరంజీవి నరసింహకు,

నీ ఉత్తరం మీ తాతకు చదివి వినిపించాను. నా ముఖం మాట వచ్చేసరికి ఆయన చేతిలో ముద్ద కంచంలో పడింది.

"ఆ పొద్దు లారీ కాడ దారాలు మారిస్తినే" అన్నాడు.

"ఎందుకు?"

"నీకేం రోగముంటాది? నీ సీసా నాదని పోతే నాకు ఊరగాయ మానే పని లేదనుకుంటి."

"ఉత్తరం వచ్చినప్పుడు నోరేమైంది?"

"చెప్తే నువ్వు బతకనిస్తావా? అయినా శానామందికి ఉంటాదని వాడే రాసినాడు గదా. నీకుంటే మాత్రం ఏమైతాదిలే అనుకుంటి."

నువ్వు రాసిన ఆ ఒక్క మాట మా ఇద్దరికీ పనికొచ్చింది. నేను దాన్ని రోగమే కాదనుకున్నాను. ఆయన చెప్పే పనే లేదనుకున్నాడు.

ఇప్పుడు చప్పిడి నాకు. ఆయన కూడా తనకు ఉప్పు వద్దంటున్నాడు. ఆ దయ జూన్‌లోనే కలిగి ఉండాల్సింది. ఉప్పు వేసే పెడుతున్నాను, తినలేక తింటున్నాడు.

ఇట్లు, మీ అవ్వ లక్ష్మీదేవమ్మ

మరిచాను: జాడీ అడుగంటింది. కొత్త సీసాలు లారీ దాకా నేనే మోశాను. ఈసారి దారాలు లేవు. ఒకదాని మీద లక్ష్మీదేవమ్మ అని రాశాను. రెండోదాని మీద ఆయన చూస్తుండగానే ఓబులేసు అని రాశాను.