రెండు షామియానాలు

గురజాల

తమ్ముడికి,

క్షేమ సమాచారాలు తర్వాత అడుగుతాను. నాన్న పెదకర్మ భోజనాలకి నువ్వు నరసరావుపేట నుంచి రెండు షామియానాలు తెప్పించినప్పుడే నాకు ఒళ్లు కంపరమెత్తింది. ఒకటి మీ పార్టీవాళ్లకి, ఇంకొకటి అవతలివాళ్లకి. మాంసం కూర ఉడికింది మాత్రం ఒకే పొయ్యి మీద.

"ఆళ్లదేందక్కా, నాలుగు ముక్కలు పడేస్తే ఎవుడికైనా ఓటు గుద్దుతారు" అని నవ్వావు. అవతలి షామియానాలో కూర్చున్న జానీ మామ, నాన్నతో రోజూ టీ తాగిన మనిషి, ఆ మాట విని విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అవతలి పార్టీవాళ్లేమైనా తక్కువ తిన్నారా, మీ గురించి అచ్చం అదే మాట అంటున్నారు. అసహ్యమేసి నేనూ విస్తరి మడిచేశాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. మొన్నటి ఎన్నికల్లో నాన్నకి చూపు ఆనకపోతే, తోడు వెళ్లి ఆయన బదులు బటన్ నొక్కింది నేను. ఏ గుర్తు నొక్కాలో నా చెవిలో చెప్పాడు. అది మీ గుర్తు కాదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఇన్నాళ్లూ చెప్పలేదు.

మనం పుట్టకముందే మాంసం మానేసిన మనిషి కదరా నాన్న. ఏ ముక్కకి ఆశపడి వేశాడంటావు? ఆ రోజు ఆయనే భోజనానికి వచ్చుంటే, ఏ షామియానాలో కూర్చోబెట్టేవాడివి?

మీ అక్క