పుస్తకం అంచున నీ మాటలు

అన్నా,

నీ కూతురు శాంతి కొత్త స్కూటర్ కొన్నది. మొదటి సవారీ నాతోనే, మనం వెళ్లినట్టే తిరుత్తణికి. ముప్పై ఏళ్ల కిందట, నువ్వు పోయాక అటకెక్కించిన మన పుస్తకాన్ని దించి సంచిలో పెట్టుకున్నాను. అదే, బతుకంటే ఏమిటో తెలుసుకోవడానికి ఒకాయన బండేసుకుని ఊళ్లు తిరిగే పుస్తకం. కొండ కింద మన టీ అంగట్లో తెరిచాం.

శాంతికి తెలుగు మాట్లాడటమే కానీ చదవడం రాదు. నీ రాత మాత్రం గడగడా చదివేసింది. నీకూ తమిళ అక్షరాలే కదా వచ్చింది. నేను పైకి చదువుతుంటే విని, మన తెలుగు మాటల్నే ఆ అక్షరాల్లో పేజీల అంచున రాసేవాడివి.

"బతుకంటే ఏందని అంత దూరం పోయి అడగాల్నా? టీ అంగట్లో అడిగుంటే చెప్పుంటారు."

నేనూ శాంతీ పడీపడీ నవ్వాం. ఆయన ఉపదేశాలు ఇప్పుడు నాకూ విసుగే. అప్పుడు నీతో ఎంత వాదించానో.

చివరి పేజీలో ఇంకొకటి ఉంది. "ఈ పొద్దు తమ్ముడు బండి మీద నిద్రపోయినాడు. పడతాడేమోనని తిరువళ్లూరు దాకా వాడి చెయ్యి పట్టుకోని ఒంటిచేత్తోనే తోలినా. వానికి చెప్పలేదు."

తిరిగొచ్చేటప్పుడు కావాలనే కళ్లు మూసుకున్నాను.

"చిన్నాయనా, నిద్రొస్తా ఉందా?" అంటూ శాంతి వేగం తగ్గించి, నా చెయ్యి పట్టుకుంది.